చూరు కింద వెండి

ముందు వినిపించేది చప్పుడే. దడ్ దడ్ దడ్‌మని సాగి, మధ్యలో చిన్నగా తడబడి, మళ్లీ దడ్ దడ్ దడ్. జెట్టీ చెక్కలు అరికాళ్ల కింద సన్నగా వణుకుతాయి. ఆ వణుకు వెంట నడుచుకుంటూ పోతే చివర్లో ఒక రేకుల గది, గదిలో ఆకుపచ్చ రంగు వెలిసిన కంప్రెసర్, దాని పక్కన ముక్కాలిపీట, పీట మీద గాలి పిన్ని.

కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది. అది గుర్తింపు కార్డులో తప్ప ఎక్కడా వాడుకలో లేదు. సముద్రంలోకి దిగే డైవర్లు వీపున కట్టుకునే సిలిండర్లలో గాలి నింపడం ఆవిడ పని. పందొమ్మిదేళ్లుగా అదే పని. వేడెక్కకుండా సిలిండర్‌ని నీళ్ల తొట్టిలో నిలబెట్టి, గొట్టం బిగించి, గాలి ఒత్తిడి చూపే ముల్లు రెండు వందల దాకా పాకేవరకూ చూపు తిప్పదు. పావుగంటకోసారి కుళాయి తిప్పి, యంత్రం గాలిలోంచి పిండిన చెమ్మని బయటికి వదిలేస్తుంది. నిండిన ప్రతి సిలిండర్‌నీ చివర్లో పిసరంత తెరిచి, కళ్లు మూసుకుని వాసన చూస్తుంది. ఏ వాసనా లేకపోతే తలూపుతుంది. నూనె వాసన జాడ తగిలిందా, నింపిందంతా వదిలేసి మళ్లీ మొదటికి వస్తుంది.

యంత్రం గాలి పీల్చుకునే గొట్టం గది వెనక, గాలి వచ్చే దిక్కుకి నోరు తెరుచుకుని ఉంటుంది. దాని ముందు ఎవరు నిలబడ్డా ఆవిడ ఊరుకోదు. సెంటు పూసుకున్నవాళ్లు, సిగరెట్ కాల్చేవాళ్లు, ఊరికే సముద్రం చూద్దామని వచ్చినవాళ్లు, అందరికీ ఒకటే మాట: "కాస్త పక్కకి జరగండి." ఒకసారి రేవు మొత్తానికి పెద్దయిన అధికారి కూడా నోరెత్తకుండా జరిగాడు.

ఆవిడ భర్త పడవ ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ. పెళ్లయిన నాటి నుంచీ తనకి ఊపిరి సలపనివ్వని మనిషి, ఊరందరికీ మాత్రం సీసాల్లో పోసి పంచుతోందని కనపడినవాళ్లకల్లా చెబుతుంటాడు. పందొమ్మిదేళ్లలో ఆవిడ ఒక్కసారైనా నీళ్లలోకి దిగలేదు. ఎవరైనా అడిగితే, వడ్డించేది కూడా విస్తరి ముందు కూర్చుంటే ఇక వడ్డించేదెవరని ఎదురు ప్రశ్న వేసేది.

ఏటా సముద్రం తేటపడే రోజుల్లో మూడు రోజుల పాటు డైవింగు ఉత్సవం జరుగుతుంది. చేపల గిడ్డంగిని కడిగి, డైవర్లు నీటి అడుగున తీసిన ఫోటోలు గోడల నిండా తగిలిస్తారు. ఆ మూడు రోజులూ ఆవిడకి తల తిప్పుకునే తీరిక ఉండదు. ఈసారి మాత్రం మొదటి రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. యంత్రం ఆగింది. ఊరకే కూర్చోలేక గిడ్డంగికి నడిచింది.

మూడో గోడ దగ్గర ఆవిడ కాళ్లు ఆగిపోయాయి. చిక్కటి నీలంలో ఒక రాయి, ఇంటి చూరులా ముందుకు వాలి ఉంది. ఆ చూరు కింద, వెండి కరిగించి పోసినట్టు ఒక మడుగు. మడుగంటే కింద ఉండాలి. ఇది పైన అంటుకుని, తలకిందులుగా తళతళలాడుతోంది.

ఆ ఫోటో తీసింది కొత్తవాళ్లకి డైవింగు నేర్పే టీచరమ్మాయి. పక్కనే నిలబడి ఉంది.

"ఏంటే అమ్మాయ్, ఆ వెండి?"

"నీ గాలే పిన్నీ. మేం వదిలిన ఊపిరి బుడగలై పైకి పోతూ, ఆ చూరు కింద చిక్కుకుపోయింది."

గాలి పిన్ని ఇన్నేళ్లలో గాలిని విన్నది. వాసన చూసింది. ముల్లు కొన మీద కొలిచింది. కళ్లతో చూడవచ్చునని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. కరెంటు వచ్చింది. గిడ్డంగి దీపాలన్నీ వెలిగాయి. మొదటిసారి ఆవిడ యంత్రం వైపు పరుగెత్తలేదు.

నీళ్లలోకి దిగి చూడాలి అంది. చిక్కేమిటంటే, అరవై నిండినవాళ్లని కొత్తగా నీళ్లలోకి దించరు. అక్కడి నియమం అది. ఆవిడకి రెండు నెలల్లో అరవై నిండుతాయి. ఉత్సవం ముగియగానే సముద్రం కలకబారుతుంది, మళ్లీ తేటపడేది వచ్చే ఏడే. డాక్టరు చూడనిదే దించరు, అది రెండో రోజుకి గానీ కుదరదు. అంటే మిగిలింది మూడో రోజు ఉదయం ఒక్కటే. డాక్టరు గుండె విని, చెవులు చూసి, సరేనని సంతకం పెట్టాడు. ఆవిడ దిగితే నీళ్లు ఒడ్డెక్కుతాయని మేస్త్రీ రాత్రి భోజనం దాకా నవ్వించాడు. తెల్లారేసరికి మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. యంత్రాన్ని ఆవిడ ఇంకెవరికీ అప్పగించదని ఆయనకి తెలుసు.

తన సిలిండర్‌ని ఆవిడ తనే నింపుకుంది. రెండుసార్లు వాసన చూసుకుంది. జెట్టీ నీడలో, మెడలోతు నీళ్లలో, నోట్లో గొట్టం బిగించుకుని తల ముంచింది. ముంచాక, ఇంకెవరూ చెయ్యని తప్పు చేసింది. పొదుపు చేసింది. ఒక్కో ఊపిరి వెనక యంత్రం ఎన్నిసార్లు కొట్టుకోవాలో ఆవిడకి తెలుసు. పీల్చిన గాలిని రొమ్ములో దాచుకుని, ఇక దాచలేనప్పుడు దారప్పోగంత వదిలింది. టీచరు వెంటనే ఆవిడ భుజం పట్టి పైకి తెచ్చింది.

"పిన్నీ, నీళ్లలో ఊపిరి బిగపడితే ప్రాణానికే ముప్పు. మొదటి పాఠమే అది."

"తెలుసే. వదలబుద్ధి కావట్లేదు. ఎంత సేపు నింపితే నిండుతుందో నీకేం తెలుసు?"

టీచరు నవ్వలేదు. ఇంకొక్కసారే అంది. ఈసారి కూడా బిగపడితే దించేది లేదని ఖచ్చితంగా చెప్పింది. తరవాత గొంతు తగ్గించి, "మేమూ నీలాగే దాచుకుని ఉంటే, ఆ చూరు కింద వెండి ఎక్కడిది పిన్నీ?" అంది.

ఆవిడ మళ్లీ మునిగింది. పైలోకం మూత వేసినట్టు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలోంచి, జెట్టీ స్తంభాల్లోంచి, ఎముకల్లోకి వచ్చింది: దడ్ దడ్ దడ్. అదే తడబాటు. మళ్లీ దడ్ దడ్ దడ్. నాలుగు దెబ్బలకి పీల్చింది. నాలుగు దెబ్బలకి వదిలింది. మొత్తం వదిలింది. బుడగలు చెంపలు నిమురుతూ పైకి పోయాయి. టీచరు చెయ్యి పట్టుకుని, మూడు నిలువుల లోతున ఉన్న చూరు కిందికి తీసుకుపోయి, మెల్లగా వెల్లకిలా తిప్పింది.

వెండి అక్కడే ఉంది. ఫోటోలోలా కాదు, అది కదులుతోంది. ఆవిడ ఊపిరి పుట్టగొడుగుల్లా గొడుగులు విప్పుకుంటూ పైకి పోయి, మడుగు అంచుని తాకి, ఒక్క క్షణం విడిగా వణికి, కలిసిపోతోంది. ఏది ఆవిడదో, ఏది మూడు రోజులుగా దిగినవాళ్లదో ఇక చెప్పలేం. మడుగులో ఒక ముఖం అద్దాల వెనక నుంచి ఆవిడని చూస్తోంది. ఆ ముఖం మీదుగా ఒక చిన్న పసుపు చేప తొందరేమీ లేకుండా ఈదింది. ఆవిడ చెయ్యి చాపింది. వేళ్లు వెండిలోకి దూరాయి. నీళ్లు లేవు. సముద్రం లోపల, మూడు నిలువుల లోతున, ఆవిడ చెయ్యి గాలిలో ఉంది.

పైకొచ్చాక జెట్టీ మెట్టు మీద నీళ్లు కారుతూ కూర్చుంది. ఏం చూశావని మేస్త్రీ మూడోసారి అడిగాడు. అప్పుడు తలెత్తింది.

"పావుగంట దాటినా చెమ్మ వదల్లేదు నువ్వు. చప్పుడులో తేడా కిందికి వినపడింది."

ఆయన వెళ్లి కుళాయి తిప్పి వచ్చాడు. పాత తువ్వాలు తెచ్చి ఆవిడ తల తుడిచాడు.

ఉత్సవం ముగిసిన మర్నాడు ఈ సంగతులు రాసుకోవడానికి నేను వెళ్లేసరికి ఆవిడ పీట మీదే ఉంది. ముల్లు మీంచి చూపు తిప్పకుండానే ఇదంతా చెప్పింది. చెప్పడం అయ్యాక లేచి, గది వెనక్కి తీసుకువెళ్లి గాలి పీల్చుకునే గొట్టం చూపించింది. అక్కడ చూడడానికి ఏమీ లేదు. గోడ, గొట్టం నోరు, ఖాళీ. ఆవిడ మాత్రం ఆ ఖాళీ వైపు, గిడ్డంగిలో ఫోటో ముందు నిలబడినట్టే నిలబడింది. యంత్రం లోపల ఒకసారి తడబడి సర్దుకుంది. అప్పుడు ఆవిడ చెయ్యి మెల్లగా ఊపి అంది:

"కాస్త పక్కకి జరగండి. వెండి లోపలికి పోతోంది."