చంటి మెడలో గంట

హిమాచల్ కొండలకు బయలుదేరే ముందు మా కుక్క చంటికి మోండా మార్కెట్‌లో చిన్న ఇత్తడి గంట కొన్నాను. మా ఆయన నవ్వాడు.

“గంటెందుకే, అదేమన్న పెండ్లికి పోతుందా?”

“తప్పిపోతే చప్పుడన్న ఇనవడ్తది. నువ్వు సుత ఒకటి కట్టుకో.”

అక్కడ మంచులో ఆడుకుంటుందని తాడు విప్పాను. చంటి నిజంగానే తప్పిపోయింది. పిలిచి పిలిచి నా గొంతు పోయింది. ఒకసారి లోయలోంచి గంట చప్పుడు వచ్చింది. “అగో, నేను చెప్పలే!” అన్నాను గొప్పగా. ఆ తర్వాత చప్పుడు లేదు.

దారిలో మేకల కాపరి, ఒక ముసలాయన, కనబడితే నాకొచ్చిన సికింద్రాబాద్ హిందీలో అడిగాను. గంట అనగానే ఆయన ముఖం మారింది.

“కుక్కకు గంటేమిటమ్మా? మేం మేకలకే కడతాం. ఆ చప్పుడు వింటే మేక అనుకుని చిరుత వస్తుంది. మేకలకైతే కాపలా మేముంటాం.”

తన కుక్కను చూపించాడు. చిరుత పట్టకుండా దాని మెడకు ఇనుప ముళ్ల పట్టీ వేశాడు.

కట్టింది నేనేనని చెప్పాను. దాచి ఏం లాభం?

మర్నాడు పొద్దున కాపరి మా బసకు గంట తెచ్చాడు. చంటి మిగల్లేదు.

“మీకిక పనిలేదు కదా, మా మేకకు కట్టుకోనా?” అన్నాడు.

ఒళ్లు మండింది. కానీ ఆయన అన్నది నిజమే. ఇచ్చేశాను.

మేం కొండ దిగుతుంటే పైన మందలో ఆ గంట మోగింది. మా ఆయన ఆగిపోయాడు.

“ఇంక ఇనవడ్తనే ఉన్నదే.”

“నడువ్,” అన్నాను.