రాజక్క కట్టిన చిలకలు

మైదాపిండి నీళ్ళలో ఉడికేటప్పుడు ఒక రకమైన వాసన వస్తుంది. తియ్యగా ఉండదు, పుల్లగా ఉండదు. తడిసిన సున్నపు గోడ మీద ఎండ పడినప్పటి వాసనకు కొంచెం దగ్గరగా ఉంటుంది. మొన్న మా అమ్మాయి పుట్టినరోజుకు రంగుకాగితాల గొలుసులు అతికిస్తుంటే గమ్ము సీసా ఖాళీ అయింది. దుకాణానికి పోవడానికి బద్ధకించి, గిన్నెలో కాస్త మైదా కలిపి స్టవ్ మీద పెట్టాను. ఆ వాసన వంటిల్లంతా నిండేసరికి గరిటె తిప్పుతున్న నా చెయ్యి ఆగిపోయింది. "క్యా హువా మమ్మీ?" అని అడిగింది మా అమ్మాయి. ఏమీ లేదన్నాను. కానీ నా ముఖం వేడెక్కడం నాకు తెలుస్తూనే ఉంది. రాజక్క గుర్తొస్తే నాకు ముందు కలిగేది ప్రేమ కాదు, సిగ్గు. ప్రేమ ఆ తర్వాత వస్తుంది.

రాజక్క మా పై గదిలో ఉండేది. సూరత్‌లో, లింబాయత్‌లో ఒక ఇరుకు సందు మాది. కింద మేము, పైన రాజక్క, ఆమె భర్త. రెండు కుటుంబాలదీ జగిత్యాల వైపే. మా నాన్న, ఆమె భర్త ఒకే కార్ఖానాలో మరమగ్గాల మీద పనిచేసేవాళ్ళు. మా వాళ్ళు వాటిని సాంచెలంటారు. రాజక్క ఇంట్లోనే కూర్చుని చీరలకు మెరిసే రాళ్ళు అతికించేది. ఆమెకు పిల్లలు లేరు. అయినా సందులో ఏ పిల్లవాడి పుట్టినరోజు వచ్చినా, స్కూల్లో ఏ జెండా పండుగ వచ్చినా అందరూ ఆమె మెట్లే ఎక్కేవాళ్ళు. చీరల మడతల మధ్య పెట్టే అట్టలు, మిగిలిపోయిన లేసు, గుడ్డపీలికలు, ఇవే ఆమె సరుకు. అట్టను మొనలు మొనలుగా కత్తిరించి, అంచుకు లేసు అంటించి కిరీటం చేసేది. కాగితాన్ని మడతలు పెట్టి, నడుమ దారం కట్టి, రెండు చివరలూ కలిపితే గుండ్రటి పువ్వు విచ్చుకునేది. నాకు అన్నీ నేర్పింది. నేను గమ్ము ఎక్కువ పూస్తే మాత్రం ఊరుకునేది కాదు. "జర తక్కువ పుయ్యి పిల్లా. కాగితం ఊపిరి తీసుకోవద్దా?" అనేది.

నాకు తొమ్మిదేళ్ళు నిండిన రోజున, మొదటిసారి స్కూలు స్నేహితులను ఇంటికి పిలిచాను. నన్ను నాన్న అప్పు చేసి మరీ గుజరాతీ మీడియం ప్రైవేటు బడిలో వేశాడు. అక్కడి పిల్లలు పెద్ద రోడ్డుకు అవతల ఫ్లాట్లలో ఉండేవాళ్ళు. రాజక్క వారం ముందు నుంచే తయారీ మొదలుపెట్టింది. మా ఒక్క గది గోడలన్నీ కాగితపు పువ్వులు. ఫ్యాను నుంచి నాలుగు మూలలకూ గొలుసులు. వచ్చే ప్రతి పిల్లకూ ఒక కిరీటం, ఎవరిది వాళ్ళకు గుర్తుండేలా వేరువేరు రంగుల్లో. అమ్మ కేకు తెప్పించింది. నేను కొత్త గౌను వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను.

ఎవరూ రాలేదు. లింబాయత్ అంటే కూలీల పేట అని వాళ్ళ ఇళ్ళలో పంపరని నాకు అప్పుడు తెలియదు. సందు మొదట్లో ఆటో ఆగినప్పుడల్లా తొంగి చూసేదాన్ని. చివరికి అమ్మ లోపలి నుంచి, "ఇగ కేకు కొయ్యి బిడ్డా" అంది. ఆ మాటకు ఏడుపు వచ్చింది కానీ ఏడవలేదు. అంత అలంకరించిన గదిలో ఏడిస్తే ఇంకా అవమానంగా ఉంటుందనిపించింది.

రాజక్క చెప్పులేసుకుని బయటికి పోయింది. షిఫ్టు మారే వేళ అది. కాసేపటికి కార్ఖానా నుంచి ఇళ్ళకు పోతున్న మనుషులను వెంటబెట్టుకుని వచ్చింది. కొందరు మా వైపువాళ్ళు, కొందరు ఒరిస్సా వాళ్ళు. జుట్టు నిండా దూది నూగు, చొక్కాల మీద నూనె మరకలు. సిగ్గుపడుతూ గోడ వారగా కూర్చున్నారు. రాజక్క ఒక్కొక్కరి తలమీదా కిరీటం పెట్టింది. పిల్లల కొలతకు చేసినవి కదా, పెద్ద తలల మీద ఎత్తుగా నిలబడ్డాయి. ఎవరూ నవ్వలేదు. పెద్దమనుషుల్లా కూర్చుని, నేను కేకు కోస్తే చప్పట్లు కొట్టారు. ఒకాయన తన కిరీటాన్ని జాగ్రత్తగా మడిచి చొక్కా లోపల పెట్టుకోవడం చూశాను.

సరిగ్గా అప్పుడే మా క్లాసులో చదివే హేతల్ తన నాన్నతో స్కూటర్ మీద వచ్చింది. ఆయన గుమ్మంలోంచి లోపలికి చూసి కూతుర్ని అడుగు పెట్టనివ్వలేదు. హేతల్ నా చేతిలో బహుమతి పొట్లం పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడు క్లాసులో అందరి ముందూ, "మీ ఇంట్లో పుట్టినరోజుకు కూలీవాళ్ళు కిరీటాలు పెట్టుకుంటారా?" అని గుజరాతీలో అడిగింది. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలియక అడిగింది. అందుకే ఇంకా తల ఎత్తలేకపోయాను.

ఆ సాయంత్రం పైకి పోయి, "వాళ్ళనెందుకు తీసుకొచ్చినవ్?" అని రాజక్కను నిలదీశాను. ఆమె రాళ్ళు అతికించడం ఆపలేదు.

"వాళ్ళకు గూడ పిల్లలున్నరు, ఊర్ల. పుట్టినరోజులు అయితనే ఉంటయి. వీళ్ళు ఎన్నడన్న పోయిండ్రా?" అంది. తర్వాత మెల్లగా, "ఇల్లు నిండాలె గద పిల్లా. ఎవలతోని నిండితేంది?" అంది.

నాకు ఆ జవాబు అప్పుడు నచ్చలేదు. కొన్నాళ్ళు నేను ఆమె మెట్లెక్కలేదు.

మరుసటి ఏడు తమ్ముడు పుట్టాడు. ఇరవై ఒకటో రోజున వాణ్ణి తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, వేసే వేడుక. ఊరి నుంచి నాయనమ్మ వచ్చింది. తొట్టెల అలంకరణ రాజక్కదే అని ఎవరూ వేరే చెప్పనవసరం లేదు, అది ఎప్పుడూ ఆమెదే. చీరముక్కలతో చిలకలు కుట్టింది. ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్ర ముక్కు, కళ్ళకు చీరల మీది రాళ్ళు. లోపల దూది కూరుతూ, "ఎక్కువ బరువైతే తిరగయి. పిల్లగాడు చూడాల్నంటే అవి గాలికి తిరగాలె," అని నాకు చూపించింది. తొట్టెల నాలుగు వైపులా లేసు కట్టి, పైన చిలకలను గుండ్రంగా వేలాడదీసింది. మా సందులో అంత అందమైన తొట్టెల నేను మళ్ళీ చూడలేదు.

ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. నాయనమ్మ తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని, ఎవరినీ చూడకుండా, గాలిలోకి అన్నట్టుగా, "పిల్లల తల్లులు ముందటికి రాండ్రి," అంది.

రాజక్క అప్పటికే లేచి నిలబడి ఉంది. "పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన," అని చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయింది. నేను అమ్మ ముఖం చూశాను. అమ్మ తొట్టెల తాడు సరిచేస్తోంది. అది సరిగ్గానే ఉంది.

పాటలయ్యాయి, భోజనాలయ్యాయి. అమ్మ ఒక పళ్ళెంలో అన్నీ సర్ది, "రాజక్కకు ఇచ్చి రా," అని నన్ను పంపింది. పైకి వెళ్ళాను. పొయ్యి మీద పాలు లేవు. గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. రాజక్క చీర ముందేసుకుని రాళ్ళు అతికిస్తోంది. పళ్ళెం తీసుకుని పక్కన పెట్టింది.

"చిలకలు తిరుగుతున్నయా?" అని అడిగింది.

తిరుగుతున్నాయన్నాను. నిజానికి నేను చూడలేదు.

"పాటలు ఇనవడ్డయిలే. మంచిగ పాడిండ్రు," అంది.

కిందికి వచ్చి అమ్మను అడిగాను, ఆమెను ఎందుకు ఉండమనలేదని. అమ్మ గిన్నెలు తోముతోంది. "ఎవల నోరని మూస్తం బిడ్డా," అంది. కిరీటాల రోజు నేను పడ్డది అవమానం. ఈ రోజు కలిగింది వేరు. నా ఇల్లు ఖాళీగా ఉంటే ఎవరెవరినో తెచ్చి నింపిన మనిషిని, ఇల్లు నిండాక మేము బయటికి పంపాము. నాకు పదేళ్ళు. నాయనమ్మను ఎదిరించే వయసు కాదు. అయినా పైన కడిగి బోర్లించిన ఆ గిన్నెలు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆమె అలా పోవడం అదే మొదటిసారి కాదని ఆ తర్వాతే గమనించాను. ప్రతి ఇంట్లోనూ అంతే. పొద్దున్నుంచి ఆమె చేతులు కావాలి. మంచి ఘడియ వచ్చేసరికి ఆమెకు ఏదో ఒక పని గుర్తుకొచ్చేది.

నేను డిజైనింగ్ నేర్చుకుని, చీరల మీది బొమ్మలు కంప్యూటర్లో గీసే ఉద్యోగంలో చేరాను. పెళ్ళై తాపీ నది అవతల ఫ్లాటుకు మారాను. అమ్మాయి పుట్టాక తొట్టెల వేడుకకు స్వయంగా వెళ్ళి రాజక్కను తీసుకొచ్చాను. ఈసారి పాపను మొదట తొట్టెలలో వేసేది ఆమేనని అత్తగారికి ముందే చెప్పాను. అత్తగారు కాదనలేదు. లోలోపల నాకు గర్వంగా ఉంది, పాత లెక్క సరిచేస్తున్నానని.

ఆడవాళ్ళందరూ చేరాక చూస్తే రాజక్క లేదు. బయట లిఫ్టు పక్కన మెట్ల మీద కూర్చుని ఉంది, చెప్పులేసుకుని.

"రా రాజక్కా. నువ్వే వెయ్యాలె," అన్నాను.

"వద్దు బిడ్డా."

"ఎవ్వరూ ఏమీ అనరు. నేను అందరికీ చెప్పిన."

ఆమె తన అరచేతులను చూసుకుంది. గమ్ము ఎండి అక్కడక్కడా తెల్లగా ఉన్నాయి. "వాళ్ళు అంటరని కాదు. నాకే భయమైతది. రేపు పిల్లకు జర జ్వరం వచ్చినా, నా చెయ్యి వడ్డదనే అనుకుంట నేను," అంది.

నేను ఒక్క పిలుపుతో తీసేయవచ్చనుకున్నది ఆమె లోపల ఎప్పుడో పాతుకుపోయింది. అక్కడ నాటింది మేమే. ఆమె పక్కన కూర్చోవడానికి కూడా నాకు ముఖం చెల్లలేదు. అలాగే నిలబడ్డాను.

అప్పుడు తలుపు తీసుకుని అమ్మ వచ్చింది, పాపను ఎత్తుకుని. నా వైపు చూడలేదు. ఒక చేత్తో గోడ పట్టుకుని మెల్లగా రాజక్క పక్కన మెట్టు మీద కూర్చుంది.

"జర పట్టుకో రాజక్కా. నాకు చేతులు నొస్తున్నయి," అంది.

పడిపోయేదాన్ని పట్టుకున్నట్టు రాజక్క రెండు చేతులూ చాచింది. పాప ఆమె ఒళ్ళో నిద్రపోతూనే ఉంది. ఆమె పాప చిటికెన వేలును తన వేలికొనతో తాకింది, రాయి అతికించేటప్పుడు తాకినంత తేలికగా. అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా అలాగే ఉన్నారు. తర్వాత రాజక్క మా వెంట గుమ్మం దాకా వచ్చి నిలబడింది. అంతకంటే లోపలికి రాలేదు. నేనూ బలవంతపెట్టలేదు.

రెండేళ్ళకు ఆమె పోయింది. మూడు రోజుల జ్వరం, అంతే. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

ఇప్పుడు నేను ఎవరింటికి వేడుకకు వెళ్ళినా కళ్ళు ముందు గుమ్మం వైపు పోతాయి. పూలు కట్టినవాళ్ళో, బెలూన్లు ఊదినవాళ్ళో, చేతులు తుడుచుకుంటూ చెప్పులు వెతుక్కునే మనిషి ఒకరు దాదాపు ప్రతిచోటా ఉంటారు. వెళ్ళి పలకరిస్తాను. "పనుంది," అంటారు. ఆ పని ఏమిటో నేను అడగను. కాసేపు వాళ్ళతోపాటు బయట నిలబడతాను. ఏం మాట్లాడాలో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.