తుడిచినా పోని తెల్ల చుక్కలు

కరోనా తర్వాత షూటింగులు మళ్లీ ఊపందుకున్న ఏడాది. ఫిల్మ్ నగర్‌లో ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్‌లో నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. దెబ్బలు తగిలిన సినిమావాళ్లు మా దగ్గరికి మేకప్‌తోనే వచ్చేస్తారు. ఉత్తుత్తి నెత్తురేదో, అసలు నెత్తురేదో కనిపెట్టడం ఇక్కడ మొదటి పాఠం. రెండోది తుడవడం. ఒంటికి పూసుకునే మెరుపు పొడిలో లోహం ఉంటే ఎక్స్‌రేలో తెల్ల చుక్కలు పడతాయి. అలా లోపల లేనిది ఉన్నట్టు కనిపించడాన్ని ఆర్టిఫాక్ట్ అంటాం.

ఒక మధ్యాహ్నం సుజాత అనే గ్రూప్ డాన్సర్ కుంటుకుంటూ వచ్చింది. ముప్పై నాలుగేళ్లు, యూసుఫ్‌గూడలో కూతురితో ఉంటుంది. పాట తీస్తుండగా సెట్లో మెట్ల మీంచి జారి తుంటి మీద పడిందట. నడుము చుట్టూ బంగారు రంగు పొడి.

"జర జల్ది తియ్యి అక్కా, నాలుగింటికి మళ్ల షాట్ ఉంది" అంది.

పెల్విస్, అంటే కటి ఎముకల ఎక్స్‌రే తీశాను. ఎముక విరగలేదు. కానీ తుంటి కీళ్ల చుట్టూ మినపగింజలంత తెల్ల చుక్కలు బోలెడు. సరిగ్గా తుడవలేదు కాబోలని నన్ను నేనే తిట్టుకుంటూ, దూదితో మళ్లీ తుడిచి, గౌను మార్పించి ఇంకోటి తీశాను. చుక్కలు ఉన్నచోటే ఉన్నాయి.

కేన్సర్ ఎముకలకు పాకినప్పుడు ఇలాంటి తెల్ల మచ్చలు చూశాను. రిపోర్టు చెప్పాల్సింది ఎక్స్‌రేలు చదివే రేడియాలజిస్టు డాక్టరు గారు, నేను కాదు. అది తెలిసి కూడా నోరు జారాను.

"మీ ఇంట్లో ఎవరికైనా కేన్సర్ వచ్చిందా అమ్మా?"

లేవబోతున్నదల్లా ఆగిపోయింది. "ఎందుకడుగుతున్నవు అక్కా?"

"ఊరికే. ఫారంలో రాయాలి."

"ఫారం వచ్చినప్పుడే నింపిన గదా" అంది మెల్లగా. "మా అమ్మ గట్లనే పోయింది."

ఫొటోలు ఫోన్లో పంపితే, రెండు చేతులకూ ఎక్స్‌రే తీసి ఉంచమని, రెండు గంటల్లో వస్తానని డాక్టరు గారు అన్నారు. "పడ్డది తుంటి మీద అయితే చేతులెందుకు?" అని సుజాత అడిగింది. నాకూ తెలియదు. మణికట్టు దగ్గరా, వేళ్ల కీళ్ల దగ్గరా అవే చుక్కలు కనిపించేసరికి ఇంకా భయపడ్డాను.

ఆమె షాట్ మానుకుంది. బయట బెంచీ మీద కూర్చుని వాళ్లక్కకు ఫోన్ చేసింది. "నాకేమన్నా అయితే పిల్లను నువ్వే చూసుకోవాలె. ఇయ్యాల స్కూల్ కెళ్లి మీ ఇంటికే తోల్కపో." తలుపు వెనక నిలబడి విన్నాను. ఆ రెండు గంటలూ సిగ్గుతో ఆమె ముందుకు వెళ్లలేకపోయాను.

డాక్టరు గారు వచ్చి చేతుల ఎక్స్‌రే చూసి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "ఆస్టియోపోయికిలోసిస్" అన్నారు. చుక్కల ఎముకలన్న మాట. చాలా అరుదు, ఆయన అంతకుముందు ఒక్కసారే చూశారట.

సుజాతను పిలిచి చెప్పారు. "ఇది కేన్సర్ కాదమ్మా. కేన్సర్ మచ్చలు ఎక్కడపడితే అక్కడ, ఒక్కోటి ఒక్కో సైజులో వస్తాయి. చేతివేళ్ల దాకా రావడం అరుదు. నీవి చూడు, రెండు వైపులా సమానంగా, కీళ్ల దగ్గరే ఉన్నాయి. పుట్టుకతో వచ్చే గుణం. మందక్కర్లేదు. తుంటికి తగిలింది ఉత్త దెబ్బే. ఒక కాగితం రాసిస్తా, ఎక్కడ ఎక్స్‌రే తీసినా ముందు అది చూపించు."

ఆమె బయటికి వచ్చాక దగ్గరికి వెళ్లాను. "తప్పయింది సుజాతా. ఆ మాట అడగాల్సింది కాదు."

కోప్పడలేదు. వాళ్లక్క నంబరుకు ఫోన్ చేసి, కూతుర్ని పిలవమని చెప్పి ఫోన్ నా చేతిలో పెట్టింది. "నాకేదో అయిందని ఏడుస్తున్నదట. నేను చెప్తే నమ్మదు. నువ్వే చెప్పు."

"మీ అమ్మకి ఏమీ లేదమ్మా, బాగానే ఉంది" అన్నాను.

అవతల కాసేపు వెక్కిళ్లు. తర్వాత ఆ పిల్ల అడిగింది. "ఏం లేకపోతే మా అమ్మనెందుకు గట్ల భయపెట్టిన్రు?"

ఫోన్ సుజాతకు ఇచ్చేశాను. అప్పటి నుంచి ఎక్స్‌రేలో ఏం కనిపించినా సరే, డాక్టరు గారు వచ్చేదాకా నా నోటి నుంచి ఒకటే మాట: "ఫొటో బాగా వచ్చిందమ్మా, కూర్చోండి."