జిగురు పోయిన బెండకాయలు

ఇప్పుడంటే పాఠం చెబుతుంటే గోడ మీద రంగుల బొమ్మలు కదులుతున్నాయి గానీ, తొంభైల చివర్లో మా అబిడ్స్ బడిలో సైన్సు టీచరుకున్న ఆస్తి ఒక సుద్దముక్క, ఒక గట్టి గొంతు. ఆ రెండోది దేవుడు నాకు దండిగానే ఇచ్చాడు (నాంపల్లిలో మా సందంతా సాక్ష్యం చెబుతుంది). అప్పటికి నాన్న రిటైరయ్యాడు, ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. నన్ను ఉంచాలో పంపాలో ఇన్‌స్పెక్షన్‌కు వచ్చే పెద్దసారు పాఠం విని తేలుస్తాడని మా హెడ్‌మిస్ట్రెస్ చెప్పినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

పైగా ఆ రోజుకు నా వంతు వచ్చిన పాఠం కడుపు గురించి. మాంసాన్ని కూడా కరిగించే ఆమ్లం పొట్టలో ఉంది కదా, మరి పొట్ట తనను తానే ఎందుకు అరిగించుకోదు? లోపలి పొరలోని కణాలు జిగురును ఊరిస్తూ పూత పూస్తుంటాయి, అరిగిపోయిన కణాలు రాలిపోతుంటే వాటి చోట కొత్తవి పుడుతుంటాయి. ఇంతే సంగతి. కానీ ఇది నోటితో చెబితే పిల్లలకు ఆవలింతలే. అందుకని ఒక ఉపాయం పన్నాను. బెండకాయ ముక్కల్ని నీళ్లలో నానేసి, ఆ జిగురును నీలి లిట్మస్ కాగితానికి దట్టంగా పట్టించి నిమ్మరసం చుక్క వేస్తే కాగితం వెంటనే ఎర్రబడదు. ఉత్త కాగితం మాత్రం అంటగానే ఎర్రబడుతుంది. ముందు రోజు సాయంత్రం వంటింట్లో చేసి చూస్తే మహా ముచ్చటగా వచ్చింది. గిన్నె మీద మూత పెట్టి, "అమ్మా, ఈ బెండకాయలు రేపు పెద్దసారు కోసం. పొద్దున డబ్బాల పెట్టియ్యి" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

మర్నాడు క్లాసులో, వెనక బెంచీ మీద పెద్దసారు కూర్చుని ఉండగా, మాంత్రికురాలిలా డబ్బా మూత తీశాను. లోపల బెండకాయ వేపుడు! పల్లీలు, ఎల్లిపాయ కారం, కరకరలాడే ముక్కలు, జిగురు చుక్కైనా లేదు. ఇన్‌స్పెక్షన్ అంటే టీచర్ల ఇళ్ల నుంచి పెద్దసారుకు ఏదో ఒకటి వండి తేవడం మా బడి ఆనవాయితీ. అమ్మకు అది తెలుసు. జిగురు పోయేదాకా వేయించకుండా బెండకాయ పరాయివాళ్లకు పెట్టడం మా అమ్మకు తలవంపులు. ఇక ఆమెను ఏమనగలను?

"ఏంది టీచరమ్మా, గట్లనే నిలబడ్డరు? డబ్బాల ఏమున్నది?" అన్నాడు సారు.

"బెండకాయ ఫ్రై సార్."

క్లాసంతా గొల్లుమంది. "పాఠానికా, నాకా?" అన్నాడాయన లేచి వస్తూ. "రెండింటికీ సార్" అన్నాను, ఇంకేమీ తోచక. ఆయన ఒక చెంచాడు నోట్లో వేసుకున్నాడు. అమ్మ కారం సంగతి నేను చెప్పేలోపే ఆయన ముఖం కందగడ్డైంది, కళ్లు చెమర్చాయి, ముక్కు కారడం మొదలైంది. ఎలాగూ నౌకరీ పోయిందనుకున్నాక భయం కూడా పోతుందేమో, నేను వేలెత్తి సారు ముక్కు వైపే చూపించాను. "చూడండి పిల్లలూ! కారం తగలగానే ఎట్లా ఊరుతోందో! ఇలాంటి జిగురే కడుపులో ఇంకా దట్టంగా పూసి ఉంటుంది. అదే లేకపోతే సారు కడుపు ఈపాటికి..."

అక్కడ ఆగాను. గుమ్మంలో ఉన్న హెడ్‌మిస్ట్రెస్ తల పట్టుకుంది.

సారు తాపీగా రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. "మరి నాకు తిన్నంక గుండెల మంటెందుకు లేస్తది? గాడ జిగురు లేదా?" అని అడిగాడు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"ఆహారనాళంలో పూత పొట్టలోలాగా మందంగా ఉండదు సార్. ఆమ్లం పైకి తన్నితే తట్టుకోలేదు. తిన్నంక వెంటనే పండుకోకండి."

"ఇన్నేండ్ల సంది దవాఖానల సుట్టు తిరుగుతున్న, ఎవ్వరు గింత మంచిగ సమజ్ చేయలే" అంటూ ఆయన కుర్చీ లాక్కున్నాడు. "జర నీళ్లు తెప్పియ్యుండ్రి" అని, డబ్బా ఖాళీ అయ్యేదాకా లేవలేదు. నా నౌకరీ నిలబడింది.

ఇంటికి పోగానే అమ్మ ముందు డబ్బానే చూసింది. "సారుకు నచ్చిందానే?"

"కండ్లల్ల నీళ్లు పెట్టుకొని తిన్నడమ్మా."

"నేనెరుగనా? ప్రభువు దయ, నా చెయ్యి. నీ నౌకరీ పక్కా అయినట్టే" అంది. తర్వాత చర్చిలో అందరికీ అదే చెప్పుకుంది, నేను కాదనలేదు.

మొన్న నాకే కడుపులో మంటగా ఉంటే లక్డీకాపూల్‌లో డాక్టరు గొట్టం వేసి, తెర మీద నా కడుపే నాకు చూపించాడు. లోపలి పొర తడిగా, గులాబీ రంగులో తళతళలాడుతోంది. "పూత బాగానే ఉన్నది మేడమ్, కారం మాత్రం బంద్ చేయండి" అన్నాడు. పెద్దసారు ముక్కు వైపు వేలు చూపించిన ఆ పిల్ల టీచరమ్మ గుర్తొచ్చి నవ్వొచ్చింది. అంత ధైర్యం ఇప్పుడు నాకు లేదు. ఇంటికొచ్చి కారం లేకుండా బెండకాయ కూర చేసుకున్నాను, ఓపిక లేక జిగురు అలాగే వదిలేశాను. అమ్మ ఉంటే నా ముందు నుంచి కంచం లాగేసి, పొయ్యి మళ్లీ వెలిగించేది.