ఐదుగురిలో ఒక తల

చీమకుర్తి రోడ్డు మీద మా మిరప లారీ పోతుంటే, పక్కన కోస్తున్న నల్లరాయి తుమ్మిందని చెప్పి నలుగురి చేత నమ్మించినవాణ్ణి నేను. అందుకే మా బంధువులు నేను నోరు తెరవగానే ముందు నవ్వి, తర్వాత సంగతేమిటని అడుగుతారు. ఇప్పుడు చెప్పేది మాత్రం తుమ్మని రాయి లాంటి నిజం. నమ్మకపోతే మా పెద్దమ్మను అడగండి. ఆవిడకు పట్టిన జలుబు సాక్ష్యం.

గుంటూరు బైపాసు పక్కన మాకొక కోల్డ్ స్టోరేజీ ఉంది. ధర వచ్చేదాకా రైతులు మిరపకాయ బస్తాలు అందులో దాస్తారు. ఆ బస్తాల్ని మా వైపు టిక్కీలంటారు. పెదనాన్న, నాన్న కలిసి ప్రైవేటు లిమిటెడ్ కంపెనీగా దాన్ని పెట్టారు. పెదనాన్నది పెద్ద వాటా, నాన్నది చిన్న వాటా. ఆ చలిగది కట్టడానికి నాన్న అమ్మిన పత్తిచేను దారిలో ఇప్పటికీ కనిపిస్తుంది. అక్కడ వేరేవాళ్ల పత్తి పగులుతుంటుంది. ఇద్దరూ పోయాక నాకు దక్కింది పదోవంతు కంటే వెంట్రుకవాసి ఎక్కువ. మిగతాదంతా పెదనాన్న కొడుకైన మా అన్నయ్యది, వదినది, పెద్దమ్మది, వదిన తమ్ముడిది. నాతో కలిపి వాటాదార్లం ఐదుగురం.

ఐదుగురమే ఉండాలన్నది అన్నయ్య పట్టుదల. నా వాటాలో కొంత నా భార్య పేర రాస్తానంటే, "కొత్త తల రాకూడదురా, ఇంటి గుట్టు" అని తిప్పికొట్టాడు. మా అత్తయ్య కొడుకు ఒక్కటంటే ఒక్క షేరు అడిగితే కాఫీ ఇచ్చి సాగనంపాడు.

కంపెనీకి లాభాలొచ్చిన ఏడు కూడా వాటాదార్లకు పంచేదేమీ ఉండదు. అన్నయ్యకీ వదినకీ డైరెక్టర్ల జీతాలు, కార్లు. నాకు కొత్త సంవత్సరానికి ఒక కేలండరు. ఇదేంటన్నయ్యా అంటే, "నీ వాటా ఎక్కడికి పోయిందిరా, లోపల చల్లగా ఉంది" అనేవాడు.

క్రితం ఏడాది వార్షిక సమావేశానికి వెళ్తే ఆఫీసు గదికి తాళం వేసుంది. గుమాస్తా తల గోక్కుంటూ, "ఆఫీసులో ఏసీ చెడిపోయిందండి, మీటింగు చలిగదిలో పెట్టమన్నారు సార్" అన్నాడు. నాకు అర్థమైంది. అంతకుముందటి ఏడాది ప్రశ్నలడుగుతూ సభను భోజనాల వేళ దాటించాను. చలిగదిలో అయితే ఎంతటి వాగుడుకాయ అయినా చెప్పిన చోట సంతకం పెట్టి బయటపడతాడు.

చలిగది తలుపు పక్కన హమాలీల రగ్గులు, మంకీ క్యాపులు వేలాడుతుంటాయి. వాళ్లనడిగి రెండు రగ్గులు, ఒక టోపీ తీసుకున్నాను. టోపీ నిండా మిరపగింజలు. అదొక రకం వేడి.

లోపల టిక్కీల గోడల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అన్నయ్య పల్చటి తెల్ల లాల్చీలో ఉన్నాడు.

"ఏరా తమ్ముడూ, హిమాలయాలకా?"

"నా వాటా ఉన్నచోటికే వచ్చానన్నయ్యా. చల్లగా ఉందన్నావుగా."

పెద్దమ్మ నవ్వబోయి తుమ్మింది. రెండో రగ్గు ఆవిడకు కప్పాను.

ఆడిటర్ గారు ఎజెండా మొదలుపెట్టారు. కంప్రెసర్ రిపేరు, గోడలకు రంగులు, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. కానీ మా యార్డులో మిరపకాయ కొనేవాడు టిక్కీ మూతి చూసి ధర కట్టడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు కాయ బయటికి తీస్తాడు. "ఆడిటర్ గారూ, చివరిది చదవండి" అన్నాను.

చివరిది కొత్త షేర్లు. అన్నీ వదినకే.

"పాత వాటాదార్లను ముందు కొంటారా అని అడగాలి కదండీ?" అన్నాను.

"అడిగాం. నువ్వొద్దన్నావని రాసిస్తే సరి" అన్నాడు అన్నయ్య.

"రాయకపోతే?"

"మా ఓట్లు చాల్లే. నీ వాటా పదోవంతు కిందికి జారుతుంది. ఇక కంపెనీల ట్రిబ్యునల్లో ఫిర్యాదు చేసే హక్కు కూడా ఉండదు, కోతలు కోసుకుంటూ బతకడమే. ఇప్పుడే ఒప్పుకున్నావనుకో, నీ షేర్లు మంచి ధరకు నేనే కొంటా."

నాకు నాన్న పత్తిచేను గుర్తొచ్చింది. ఆ చేను పోయింది. దాని బదులు మిగిలింది ఈ కుర్చీ ఒక్కటే.

అప్పటికే నేను ఒంగోలులో ఒక లాయరుగారిని కలిసి వచ్చాను. నా కథంతా విని ఆయన నవ్వలేదు. నాకు భయమేసింది అందుకే. ఆయన చెప్పిందే అన్నయ్యకు చెప్పాను.

"ట్రిబ్యునల్ గడప తొక్కడానికి పదోవంతు లెక్కలు రెండన్నయ్యా. షేర్ల కుప్పలో పదోవంతు ఒకటి. అది లేకపోతే వాటాదార్ల తలల్లో పదోవంతు చాలు. మనం ఐదుగురం. నా దగ్గర ఒక్క షేరే మిగిలినా నేను ఐదోవంతు."

"మళ్లీ కోతలు!" అంటూ అన్నయ్య ఆడిటర్ గారి వైపు చూశాడు.

ఆయన పళ్లు టకటకమంటున్నాయి. "ఆ... ఆయన చెప్పింది నిజమేనండి."

పుట్టి బుద్ధెరిగాక నా మాట నిజమని నలుగురిలో ఒకరు ఒప్పుకోవడం అదే మొదలు. ఆ చలిలో కూడా చెవులు వెచ్చబడ్డాయి.

"అయితే తలలు పెంచుతా. చుట్టాలందరికీ తలో షేరు పంచుతా" అన్నాడు అన్నయ్య.

"పంచు. అత్తయ్య కొడుకుతో మొదలుపెట్టు. పెళ్లిలో రెండోసారి గారె వడ్డించలేదని ఏడాది పాటు మాట్లాడని జనం మనవాళ్లు. నీ జీతమెంతో, వదిన కారెందుకో అడక్కుండా ఉంటారా? నాకూ తోడు దొరుకుతుంది."

అప్పటిదాకా కొంగు తలకు చుట్టుకుని కూర్చున్న వదిన, "ఈ ఒక్కడితోనే వేగలేకపోతున్నాం, ఊరందర్నీ తెస్తారా?" అని భర్త మీద విరుచుకుపడింది.

"నావి ఇంకా చాలా ప్రశ్నలున్నాయి" అని నేను టోపీ చెవుల మీదికి లాక్కున్నాను. అన్నయ్య లేచాడు. లాల్చీ మొత్తం వణుకుతోంది.

"కూర్చోరా" అంది పెద్దమ్మ రగ్గులోంచి. "చలిలో పెట్టింది నువ్వేగా."

అతను కూర్చోలేదు. తలుపు తోసుకుని బయటపడ్డాడు. వెనకే వదిన, ఆమె తమ్ముడు. ఆడిటర్ గారు వాయిదా అన్న మాటని ముక్కలు ముక్కలుగా పలికి వాళ్ల వెనకే పరిగెత్తారు.

తర్వాత నేను ఊరుకోలేదు. లాభాలు పంచకుండా జీతాల రూపంలో తినేస్తున్నారని ట్రిబ్యునల్లో పిటిషన్ వేశాను. విచారణ నడుస్తోంది. గెలుస్తానో లేదో లాయరుగారే చెప్పలేకపోతున్నారు, నేనేం చెబుతాను? కొత్త షేర్ల ఊసు మాత్రం అన్నయ్య మళ్లీ ఎత్తలేదు. కొత్త తలలూ రాలేదు. మిరపగింజైనా వదులుకోలేని అన్నయ్య షేర్లు పంచుతాడని ఎవరు మాత్రం అనుకున్నారు?

మొన్న గుమాస్తాతో కబురు పంపాడు, ఇంకొంచెం ధర పెంచుతా, అమ్మేసుకోమని. నా వాటా లోపల చల్లగా ఉందని, ఉండనివ్వమని చెప్పి పంపాను. హమాలీ రగ్గు తిరిగిచ్చేసి నాకొకటి కొత్తది కొనుక్కున్నాను. ఈ ఏడు మీటింగు ఎక్కడ పెట్టుకుంటారో పెట్టుకోనీండి.