సింహం ముందు మస్తాన్‌వలీ గారు

మా అపార్ట్‌మెంట్ సంఘం వారు పోయిన వారం లిఫ్టులో ఒక నోటీసు అంటించారు. మేడ మీద మిరపకాయలు ఎండబెట్టరాదట, ఘాటుకి పిల్లలు దగ్గుతున్నారట. సంతకం చేసిన కార్యదర్శి గారు మిరప పొలం అమ్మి ఈ మంగళగిరిలో ఇల్లు కొనుక్కున్న మనిషి. నాకు ఆయన మీద కోపమేమీ లేదు. తిన్న అన్నం మీద నోటీసు అంటించడం మాత్రం కొంచెం తొందరపాటు అనిపించింది. సాయంత్రం మేడ మీదికి వెళ్ళాను. కింది వాటాలోని పెద్దావిడ ఆ నోటీసు చదువుకోని వాళ్ళకి వర్తించదనుకున్నట్టు, పాత చీర పరిచి నిశ్చింతగా కాయలు ఆరబోసి ఉంది. గాలి ఇటు తిరిగింది. ముక్కు మండింది, కళ్ళు నిండాయి, గొంతులో ఎవరో గోటితో గీరినట్టయింది. దగ్గుతూనే మస్తాన్‌వలీ గారిని తలచుకున్నాను. ఆయన్ని తలచుకోవడానికి ఇంతకన్నా మర్యాదైన పద్ధతి నాకు తెలియదు.

మస్తాన్‌వలీ గారు గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారంతో మొదలుపెట్టి, దేశాలకి కారం పంపే దాకా ఎదిగిన మనిషి. ఎర్రటి వ్యాపారం చేస్తూ రోజూ తెల్ల చొక్కా వేసుకునేవారు. సాయంత్రానికి ఆ చొక్కా ఏ రంగులో ఉందో చూసి ఆ రోజు బేరం ఎలా జరిగిందో చెప్పొచ్చని హమాలీలు అనేవారు. ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. చేసినందుకు తగిన ఫలితంగా నేను ఆయన దగ్గర ఎగుమతి ఉత్తరాలు రాసే ఉద్యోగంలో చేరాను. చేరిన కొత్తలో, ఒంగోలులోని ఒక పచ్చళ్ళ వ్యాపారి మా కాయ రంగు తిరిగిందని ఫిర్యాదు పంపాడు. ఎంతో వినయంగా, ఎక్కడా తప్పు ఒప్పుకోకుండా జవాబు తయారుచేశాను. ఆయన చదివించుకుని విన్నారు.

"బాగుందయ్యా శ్రీనూ. చదువుకున్నోడి రాత. ఆయనింట్లో అన్నం తిన్నావా?"

"లేదండి."

"మరి ఆయన బాధేందో నీకెట్లా తెలిసింది?"

"మెయిల్లో రాశాడండి."

"మెయిల్లో కోపం రాస్తారు. బాధ రాయరు. బస్సెక్కు."

ఎక్కాను. ఆ వ్యాపారి ఇంట్లో, ఆ పచ్చడితోనే అన్నం తిన్నాను. రంగు నిజంగానే తిరిగింది. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి తప్పు ఎక్కడ జరిగిందో ఇద్దరికీ తెలిసిపోయింది, దాని గురించి పోట్లాడుకోవాలన్న కోరిక కూడా పోయింది. మస్తాన్‌వలీ గారి వ్యాపార రహస్యం మొత్తం ఇదే. మేనేజ్‌మెంట్ కాలేజీల్లో దీన్ని ఎందుకు చెప్పరో నాకు తెలియదు. బహుశా క్యాంటీన్ భోజనం వల్ల కావచ్చు.

కొన్నాళ్ళకి జాంబియా నుంచి ఫిర్యాదు వచ్చింది. అక్కడ అడవి పక్క రైతులు మొక్కజొన్న చేల చుట్టూ తాళ్ళు కట్టి, కారం కలిపిన పాత ఇంజన్ ఆయిల్ వాటికి పూస్తారు. ఆ ఘాటుకి ఏనుగులు వెనక్కి తిరగాలి. మీ కారానికి తిరగడం లేదు అని అక్కడ మా సరుకు కొనే పటేల్ భాయ్ రాశాడు. గుంటూరు కారం చాల్లేదన్న మాట, అందునా ఒక ఏనుగు అన్నదన్న మాట, యార్డులో పొక్కితే ఏమవుతుందో ఊహించుకోండి. మస్తాన్‌వలీ గారు ఆ పూట టీ ముట్టుకోలేదు.

"పాస్‌పోర్టుందా నీకు?"

"ఉందండి. కానీ ఏనుగింట్లో అన్నం తినలేం కదండీ."

"రైతింట్లో తినొచ్చుగా."

పటేల్ భాయ్ గోడౌన్‌లో, జాంబియాలో దిగిన రోజే బస్తా విప్పించి, చిటికెడు కారం నాలుక మీద వేసుకుని మస్తాన్‌వలీ గారు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి ముఖం వెలిగిపోతోంది. అది హోటళ్ళలో కూరకి రంగు రావడానికి ఆర్డరిచ్చిన చప్పటి రకం. మిగిలిపోయిన బస్తాలు పటేల్ భాయ్ రైతులకి తోలేశాడు. "భాయ్, రంగు చూసి ఏనుగు భయపడుద్దా?" అన్నారు నవ్వుతూ. గుంటూరు పరువు దక్కింది. ఇక ఇంటికి వెళ్ళిపోవచ్చని నేను అనుకున్నాను. ఆయన మాత్రం ఫిర్యాదు చేసిన రైతుని చూడందే కదలనన్నారు.

దారిలో మూతపడిన ఒక వేట శిబిరం కనిపించింది. గుడిసెల కప్పులు కూలి ఉన్నాయి. డబ్బున్న విదేశీయులు సింహాలని వేటాడటానికి అక్కడికి వచ్చేవారని పటేల్ భాయ్ చెప్పాడు. వాళ్ళు కట్టే రుసుముతో అటవీ కాపలావాళ్ళకి జీతాలు, ఊరి నీళ్ళ మోటారుకి డీజిలు వచ్చేవట. ఆ తర్వాత వాళ్ళ దేశాల్లోనే జనం ఈ వేటని తిట్టిపోశారు, వచ్చేవాళ్ళు తగ్గారు, శిబిరం మూసేశారు, కాపలావాళ్ళు వెళ్ళిపోయారు. నేను ఊరుకోలేదు. వన్యప్రాణి రక్షణ మీద మాట్లాడి కాలేజీలో కప్పు గెలిచినవాణ్ణి. చంపి కాపాడటమేమిటి, చచ్చిన సింహం మీద కాలుపెట్టి ఆ ఫోటోలేమిటి, ఆ డబ్బులో నిజంగా ఊరికి చేరిందెంత అని దంచాను. పటేల్ భాయ్ చివరి ప్రశ్న దగ్గర మాత్రం దగ్గాడు. "అది నన్నడక్కు. అంతా చేరలేదు. ఇప్పుడు అసలేమీ చేరట్లేదు."

వెనక సీట్లోంచి మస్తాన్‌వలీ గారు అడిగారు. "శ్రీనూ, నీకు లెక్క తప్పనిపిస్తోందా, ఫోటో తప్పనిపిస్తోందా?"

"రెండూనండి."

"రెండూ అయితే రెండు జవాబులు కావాలి. నువ్వు ఒకటే చెప్తున్నావు."

రైతు పేరు జోసెఫ్. నడివయసు మనిషి, మాట తక్కువ. మొక్కజొన్న సంకటి, ఆకుకూర పెట్టించాడు. మస్తాన్‌వలీ గారు సంకటిని ముద్ద చేసి, బొటనవేలితో గుంట చేసి, కూర అద్దుకుని తిన్న తీరు చూసి జోసెఫ్ భార్య ఇంకో ముద్ద వడ్డించింది. రంగు కారం పంపినందుకు క్షమాపణ చెప్పమని ఆయన నాతో అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. జోసెఫ్ చేయి ఊపేశాడు. ఏనుగుల సంగతి ఇప్పుడు తనకి పెద్ద విషయం కాదన్నాడు. ముందు రోజు సింహం దొడ్లో పడి అతని ఎద్దుని లాక్కెళ్ళింది. దున్నే జతలో ఒకటే మిగిలింది. అదీ పోతే వచ్చే పంట లేదు.

కాడి విరిగిందంటే ఏమిటో ఒంగోలు ఎద్దుల మధ్య పెరిగిన మాకు తర్జుమా అక్కర్లేదు. ఆ తర్వాత జోసెఫ్ చూరులోంచి తీసిన డబ్బాకీ అక్కర్లేకపోయింది. మూత తీయగానే ఇద్దరం ఒకేసారి గుర్తుపట్టాం. ఊదారంగు గుళికల మందు. మా వైపు మిరప నారుమళ్ళలో చల్లేది. ఎద్దు కళేబరం ఇంకా గడ్డిలోనే ఉంది, సింహం మళ్ళీ దాని దగ్గరికి వస్తుంది. మర్నాడు మాంసంలో ఇది కలుపుతానన్నాడు జోసెఫ్.

మస్తాన్‌వలీ గారు చేయి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. "ఇది సింహం దగ్గర ఆగదని చెప్పు."

చెప్పాను.

"తెలుసు," అన్నాడు జోసెఫ్.

"ఆ మాంసం తిన్న రాబందులు పోతాయి, నక్కలు పోతాయి, ఇంటి కుక్క పోతుందని చెప్పు."

"కుక్కని ఆ సింహమే తినేసింది," అన్నాడు జోసెఫ్. తర్వాత నా వైపు చూశాడు. "వేట ఉన్నప్పుడు ఏడాదికి ఒక ముసలి సింహాన్ని కాల్చేవాళ్ళు. మిగతావి ఊరి మీదికి రాకుండా కాపలావాళ్ళు తరిమేవాళ్ళు. అది చదువుకున్నవాళ్ళకి నచ్చలేదు."

నేను గెలిచిన కప్పు ఆ క్షణంలో చాలా దూరంలో ఉన్నందుకు సంతోషించాను.

"మా చిన్నాన్న కొడుకు ఈ మందే తాగాడయ్యా," అన్నారు మస్తాన్‌వలీ గారు నెమ్మదిగా. "అది ఆయనకి చెప్పబాక. ఊరికే నీకు చెప్తున్నా." కాసేపు ఆ డబ్బా వంకే చూశారు. "కలిపేముందు ఆ సింహాన్ని ఒక్కసారి నాకు చూపించమను."

తెల్లవారుతుండగా పటేల్ భాయ్ జీపులో, జోసెఫ్ దారి చూపిస్తూ మమ్మల్ని తీసుకెళ్ళాడు. పత్తి ఏరేసిన చేను రంగులో ఉంది గడ్డి. పటేల్ భాయ్ ఇంజను ఆపాడు. ఎక్కడ అని అడగబోయాను. గడ్డిలో ఒక భాగం తల ఎత్తింది.

నేను మాటలతో బతికినవాణ్ణి. అయినా ఇక్కడ నా దగ్గర పెద్దగా సరుకు లేదు. జూలు అంచులకి ఎండ తగిలి పొగలా ఉంది. మూతి ఎర్రగా ఉంది. ఊపిరి వదిలితే చలిలో ఆవిరి కనిపించింది, ఆ చప్పుడు చెవికంటే ముందు జీపు తలుపు మీద ఉన్న నా చేతికి తెలిసింది. అది మా వైపు చూసింది. కోపంగా కాదు, కుతూహలంగా కాదు. మా వెనక ఉన్న కొండని చూడటానికి మేము కొంచెం అడ్డంగా ఉన్నట్టు చూసింది. నా డిగ్రీ, నా అభిప్రాయాలు, గుంటూరు నుంచి అక్కడి దాకా నేను మోసుకెళ్ళిన నేను, అన్నీ ఆ చూపులోంచి అవతలికి వెళ్ళిపోయాయి. భయమేసిందా అంటే వేసింది. కానీ దానికన్నా ముందు సిగ్గులాంటిదేదో కలిగింది, పిలవని చోటికి వచ్చినట్టు. తర్వాత అది లేచి నిలబడింది. ఆ లేవడం ఎంతసేపటికీ పూర్తికాలేదు.

"సుభానల్లా," అన్నారు మస్తాన్‌వలీ గారు. ఆయన చెంపలు తడిగా ఉన్నాయి, తుడుచుకోలేదు. చాలాసేపటికి గొంతు తగ్గించి అన్నారు, "దీన్ని చంపి గోడకి తగిలించుకున్నోడు ఆ గదిలో అన్నం ఎట్లా తింటాడయ్యా?" ఇంకాసేపటికి, "ఎద్దు పోయినోడు మాత్రం ఏం తింటాడులే."

ఈ వివాదం మీద నేను ఇప్పటిదాకా విన్నవాటిలో రెండు పక్షాలకీ న్యాయం చేసిన ప్రసంగం అదొక్కటే.

గుంటూరు వచ్చాక ప్రతి శుక్రవారం నమాజు నుంచి రాగానే నాచేత జోసెఫ్‌కి ఫోన్ చేయించేవారు. అడిగేవి ఎప్పుడూ ఒకటే. వాన పడిందా, ఎద్దు బాగుందా, ఆయన కనిపించాడా. ఆయన అంటే సింహం. దొడ్డి చుట్టూ ముళ్ళకంప పెంచమని, ఇనుప వల పటేల్ భాయ్ పంపుతాడని చెప్పించేవారు. ఒకసారి జోసెఫ్ ఏటి ఇసుకలో పెద్ద అడుగులు చూశానన్నాడు. ఆ పూట ఆఫీసులో హమాలీలతో సహా అందరికీ టీ వచ్చింది, ఎందుకో ఎవరికీ తెలియదు. ఒక్క శుక్రవారం మా ఇంట్లో పెళ్ళి హడావిడిలో నేను ఫోన్ మరిచిపోతే, మర్నాడు పొద్దున్నే మా ఇంటి గుమ్మం ముందు నిలబడ్డారు. మస్తాన్‌వలీ గారు పోయాక ఆ పని నాకు మిగిలింది, ఇప్పటికీ చేస్తున్నాను. స్నేహితులు వేట ఉండాలా వద్దా అని వాదించుకుంటుంటే నన్నూ ఒక పక్షం తీసుకోమంటారు. నాకు శుక్రవారం ఫోన్ చేయడం ఒకటే వచ్చు.

అంత పట్టుదల ఎందుకంటే, ఆ ఉదయం సింహాన్ని చూసి జీపులో తిరిగి వస్తున్నప్పుడు మస్తాన్‌వలీ గారు జోసెఫ్ చేయి పట్టుకున్నారు. నన్ను తర్జుమా చేయమని కూడా అనలేదు. తెలుగులోనే, "పెట్టబాకయ్యా," అన్నారు. జోసెఫ్‌కి అర్థమైంది. ఒళ్ళో ఉన్న డబ్బా వైపు చూశాడు, మా వైపు చూశాడు.

"నా ఇంట్లో తిన్నారు. మీరు ఇక్కడ ఉన్నంతవరకూ పెట్టను," అన్నాడు. "మీ విమానం ఎప్పుడు?"