లింబో ఏ మెట్టు మీదుంది?

పోపుగారి కోట పక్కనున్న బోర్గో వీధిలో ఫాదర్ల అంగీలు ఉతికి, గంజి పెట్టి ఇస్త్రీ చేసే, వీధంతా గౌరవంగా 'సోర' అని పిలిచే ఒట్టావియాకి మనుషుల పవిత్రత మీద భ్రమలేం లేవు. పీఠం దగ్గర దేవదూతల్లా మెరిసే పెద్దల మెడపట్టీలు ఆవిడ దగ్గరికి చెమటకి పచ్చబడి, ముక్కుపొడుం మరకలతో వస్తాయి. "వీళ్ళ ఆత్మలెవరు ఉతుకుతారో గానీ, వాళ్ళ చేతులు పడిపోయుండాలి" అంటూ మూతి తిప్పేది. కానీ పండగొస్తే ఒక్క అంగీ కూడా మడత నలగకూడదు. అదీ ఆవిడ భక్తి.

పెళ్ళైన కొత్తలో, కొండమీద అత్తగారి ఊళ్ళో, ఆవిడకి కొడుకు పుట్టాడు. పుడుతూనే నీలంగా మారాడు. ప్రాణం పోయేలా ఉంటే ఫాదరే రానక్కర్లేదు, ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. కంగారులో మంత్రసాని నీళ్ళు పోసింది, అత్తగారు చదవాల్సిన మాటలు చదివింది. ఆ వెంటనే బిడ్డ పోయాడు.

తర్వాత వచ్చిన ఆ ఊరి ముసలి ఫాదర్ డాన్ గస్పారె తీరిగ్గా విచారణ చేశాడు. పోసిన చెయ్యీ పలికిన నోరూ ఒకే మనిషివై ఉండాలట. ఇద్దరు పంచుకుంటే చెల్లదట. అందుకని పిల్లాడు, జ్ఞానస్నానం లేకుండా పోయిన పసివాళ్ళుండే లింబోకి పోయాడన్నాడు. అక్కడ మంటలుండవు, బాధుండదు, దేవుడు మాత్రం ఎన్నటికీ కనపడడు. సమాధుల తోట గోడ లోపల చోటు లేదన్నాడు. బయట ముళ్ళకంపల పక్కన పాతారు.

"ఇది శ్రీసభ మాటమ్మా, మన చర్చి మొత్తం మాట. శ్రీసభకి తప్పడం తెలీదు" అన్నాడాయన, టోపీ పెట్టుకుంటూ.

అప్పట్నుంచీ ఒట్టావియా పూజకి వెళ్తూనే ఉంది. పరలోకం ఊసెత్తితే మాత్రం, "వాడు లేని చోట నాకేం పని?" అనేది.

అది జరిగి యాభై ఏళ్ళు దాటాక, ఒక వసంతకాలం ఉదయం డాన్ ఫుల్వియో వచ్చాడు. దైవశాస్త్రం పాఠాలు చెప్పే కుర్ర ఫాదర్, ఆవిడ బిడ్డ సంగతి ఎరిగినవాడు. చంకలో అంగీలు, ముఖంలో పెళ్ళికళ.

"సోర ఒట్టావియా, శుభవార్త! లింబోని నమ్మి తీరాలని లేదు. పెద్దలు కూర్చుని తేల్చారు. పిల్లలు దేవుడి దగ్గరే ఉంటారని ఆశపడొచ్చు!"

ఆవిడ ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. "తప్పడం తెలీదన్నారుగా?"

"అన్ని మాటలకీ కాదమ్మా. మెట్లుంటాయి. పోపుగారు అందరి కాపరిగా పీఠం మీంచి, విశ్వాసం గురించో నడత గురించో, ఇది అందరూ పాటించాల్సిందే అని తీర్మానిస్తే, అందులో తప్పుండదు. బిషప్పులంతా పోపుగారితో సభ కట్టి తీర్మానించినా అంతే. ఎవరి ఊళ్ళో వాళ్ళున్నా, పోపుగారితో కలిసి ఒక్క గొంతుతో ఇదే కడ మాట అన్నా అంతే. మిగతావాటికి గౌరవంగా తలొగ్గాలి, కానీ వాటిల్లో పొరపాటు ఉండొచ్చు."

"మరి లింబో ఏ మెట్టు మీదుంది?"

డాన్ ఫుల్వియో మెడపట్టీ సర్దుకున్నాడు. "ఏ మెట్టు మీదా లేదు. అది... పండితుల అభిప్రాయం. చాలాకాలం చాలామంది అనుకున్నది."

"అనుకున్నారా!" ఆవిడ మొహం పులిసిన పాలు తాగినట్టైపోయింది. "ఛీ! మీ ఊహ కోసం నా బిడ్డ ముళ్ళల్లో పడుకున్నాడా? మీ మురికి పట్టీలు రుద్దుతూ నేనిక్కడ కూర్చున్నానా? రోతగా ఉంది, డాన్ ఫుల్వియో. మీరు తెచ్చిన ఈ గుడ్డలు నేను ముట్టుకోను."

అంగీల మూట అలాగే ఆయన చేతుల్లోకి తోసేసింది. ఆయన అడ్డుకోలేదు.

"ఇప్పుడు వాణ్ణి లోపలికి తేవొచ్చా?" అంది ఇస్త్రీ పెట్టె పక్కకి జరిపి, గొంతు తగ్గించి.

"తేవొచ్చు. అక్కడి ఫాదర్‌తో మాట్లాడతాను. ఆదివారం నేనే వచ్చి ఆశీర్వదిస్తాను, ప్రమాణం."

"అది ఏ మెట్టు మీది ప్రమాణం?"

ఆయన నవ్వబోయి ఆపుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, మంచివాడు గనక ఊరుకోలేక వెనక్కి తిరిగాడు.

"ఆ ముసలాయన మీద కోపం పెట్టుకోకండి, సోర ఒట్టావియా. పాపం, అప్పట్లో అందరికీ ఉన్న అభిప్రాయమే చెప్పాడు."

"అభిప్రాయమని ఆ ఒక్క మాటా చెప్పి ఉంటే, పచ్చి బాలింతనైనా సరే, ఆ పూటే గోడ దూకి నా కొడుకుని లోపల పెట్టొచ్చేదాన్ని."